31 మార్కులొస్తే వ్యసనమేనా?

పది వాక్యాలు. ఒక్కొక్క వాక్యం ఎదురుగా 1 నుంచి 6 దాకా అంకెలు. "అస్సలు కాదు" అంటే 1, "కాదు" అంటే 2, "కాస్త కాదనే చెప్పాలి" అంటే 3, "కాస్త అవుననే చెప్పాలి" అంటే 4, "అవును" అంటే 5, "ముమ్మాటికీ అవును" అంటే 6. పదింటికీ వేసినవి కూడితే తక్కువలో తక్కువ 10, ఎక్కువలో ఎక్కువ 60. అబ్బాయికి 31, అమ్మాయికి 33 వస్తే స్మార్ట్‌ఫోన్ వ్యసనం ఉన్నట్టు లెక్క. ఇంతే. రక్తపరీక్ష లేదు, డాక్టరు ఎదురుగా కూచుని అడగడం లేదు, ఆఖరికి ఆ ఫోను తీసి చూడటం కూడా లేదు.

దీని పేరు స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ స్కేల్, షార్ట్ వెర్షన్. 2013లో దక్షిణ కొరియాలో క్వాన్, తోటి పరిశోధకులు తయారుచేశారు. అదే ఏడాది మొదట 33 ప్రశ్నలతో పెద్ద పత్రం చేసి, తరవాత దాన్ని పదికి కుదించారు. సగటున పద్నాలుగున్నరేళ్ళ వయసున్న 540 మంది కొరియా పిల్లల చేత నింపించి ఈ 31, 33 అనే గీతలు గీశారు. ఆ తరవాత ఈ కాగితం ప్రపంచమంతా తిరిగింది. మన దేశంలో మెడికల్ కాలేజీ కుర్రాళ్ళ మీద చేసిన సర్వేల్లో తరచు కనపడేది ఇదే. "యువతలో ఇంత శాతం మంది ఫోన్‌కి బానిసలు" అని పేపర్లో చదివినప్పుడల్లా, ఆ శాతం ఏ కాగితం మీంచి వచ్చిందో ఒకసారి వెతికి చూడండి. చాలాసార్లు ఇదో, దీని దాయాదో ఉంటుంది.

నాది బీకాం చదువు. ఉద్యోగమంతా రక్షణశాఖ ఖాతాల్లో బిల్లులు పాసుచేయడం, స్టోర్ల లెక్కలు తనిఖీ చేయడం. ఏ కాగితం చేతికొచ్చినా ముందు కూడికలు సరిచూసే అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. ఈ కాగితాన్నీ అలాగే చూశాను.

ఒక కుర్రాడు తొమ్మిది వాక్యాలకి 3 వేశాడనుకుందాం. అంటే తొమ్మిదింటినీ, గట్టిగా కాకపోయినా, కాదనే అన్నాడు. ఒక్కదానికి మాత్రం 4 వేశాడు. తొమ్మిది మూళ్ళు 27, దానికి నాలుగు కలిపితే 31. అయిపోయింది, వ్యసనపరుడు! పదింట్లో తొమ్మిదింటిని కాదన్నవాడు! (31 వస్తే చాలదు, 31 దాటాలి అని లెక్కపెట్టేవాళ్ళూ ఉన్నారు. సరే, ఇంకొక్క 3ని 4 చేయండి, వాళ్ళ లెక్కలోనూ చిక్కుతాడు.) అమ్మాయికైతే ఏడు మూళ్ళు, మూడు నాలుగులు చాలు, 33 తయారు. ఒకే ఇంట్లో అన్నకీ చెల్లెలికీ చెరో 32 వస్తే అన్న వ్యసనపరుడు, చెల్లెలు మామూలు మనిషి.

గీత గీయడమే తప్పని నేననను. గీత లేకుండా ఏ ఆఫీసూ నడవదు. పరీక్షలో 35కి పాసు అని పెట్టుకున్నాం కదా. అయితే 34 వచ్చినవాడి బుర్రలో ఏదో అవయవం లోపించిందని ఎవరూ అనరు. అది మనం పెట్టుకున్న గీత అని అందరికీ తెలుసు. ఫోను కాగితం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ గీతకి అవతల రోగం, ఇవతల ఆరోగ్యం ఉన్నట్టు మాట్లాడతారు.

ఇది ఊరికే కాగితాల మీద తగువు కాదు. మా అమ్మాయి కొడుకు ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు. వాళ్ళ కాలేజీలో (పేరెందుకు లెండి) ఈ పత్రం పిల్లలందరి చేతా నింపించారు. వారం తిరక్కుండా మా అమ్మాయికి సందేశం వచ్చింది: మీ అబ్బాయి స్కోరు 34, వ్యసన స్థాయి, ఆరు వారాల కౌన్సెలింగ్ ఏర్పాటు చేశాం, ఫీజు ఇంత. ఆ సందేశం వచ్చింది వాట్సాప్‌లోనే అనుకోండి! మా అమ్మాయి వాడి ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. వాడు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, అన్నం కెలికి వదిలేశాడు. "చూశావా నాన్నా, మానిపిస్తే ఇలాగే ఉంటుందట, ఇది కూడా లక్షణమేనట" అంది. మనిషిని గదిలో పెట్టి గొళ్ళెం వేసి, తలుపు బాదుతున్నాడు కాబట్టి పిచ్చివాడే అన్నట్టుంది వ్యవహారం.

నేను వాణ్ణి కూచోబెట్టి, పద్దు పద్దుకీ వోచరు అడిగినట్టు ఒక్కో ప్రశ్నా అడిగాను. మెడనొప్పి, మణికట్టు నొప్పి ఉంటాయా అన్నదానికి 4 వేశాడు. పొద్దున్న ఆరింటినుంచి రాత్రి ఎనిమిదింటిదాకా బల్లమీదకి వంగి చదివించే కాలేజీ అది. మెడనొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. నాకైతే ఫోనన్నది పుట్టకముందే లెడ్జర్ల మీద వంగి వంగి వచ్చింది. సందేశాలు తప్పిపోకుండా మాటిమాటికీ చూస్తావా అన్నదానికి ఇంకో 4. ఎందుకురా అంటే, "టెస్టు టైమింగులు మారినా, క్లాసు రూము మారినా మా కాలేజీ గ్రూపులోనే పెడతారు తాతయ్యా, చూడకపోతే ఆబ్సెంట్ వేస్తారు" అన్నాడు. ఆఖరి ప్రశ్న, నువ్వు ఫోను ఎక్కువ వాడుతున్నావని చుట్టూ ఉన్నవాళ్ళు అంటారా? దానికి 5. "నువ్వూ అమ్మమ్మా రోజూ అంటారుగా!"

అంటాం. ఇక ముందు కూడా అంటాం, అది తాతల హక్కు. కానీ ఆ 5 మార్కులు కొలిచింది వాడి వ్యసనాన్నా, మా నోటినా? తాతా అమ్మమ్మా లేని హాస్టలు కుర్రాడికి అదే వాడకానికి అదే ప్రశ్న దగ్గర 1 వచ్చేది.

ఈ మూడు ప్రశ్నలకీ కలిపి 13 మార్కులు. 34లోంచి తీసేస్తే మిగతా ఏడింటికీ 21. అంటే సగటున 3, "కాస్త కాదనే చెప్పాలి". ఆ కాగితమంతా కలిపి వాడు చెప్పింది అదీ. అమ్మాయికి ఇదంతా తెల్లకాగితం మీద రాసి చూపించాను. ఫోను బీరువాలోంచి బయటికొచ్చింది. రాత్రి పదిన్నర దాటితే ఫోను హాల్లో ఛార్జింగులో ఉండాలని తల్లీ కొడుకూ మాట్లాడుకున్నారు. ఫీజు కట్టలేదు.

అసలు ఈ ప్రశ్నలు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. 1995లో న్యూయార్క్‌లో ఇవాన్ గోల్డ్‌బర్గ్ అనే మానసిక వైద్యుడు, అమెరికా మనోవ్యాధుల గ్రంథం డీఎస్ఎం రోగలక్షణాలు రాసే పద్ధతిని వెక్కిరిస్తూ "ఇంటర్నెట్ వ్యసన రుగ్మత" అని సరదాకి ఒకటి కల్పించి రాశాడు. జనం దాన్ని నిజమనే తీసుకున్నారు. అటు కింబర్లీ యంగ్ అనే మనస్తత్వవేత్త ఇదే విషయాన్ని సీరియస్‌గా తీసుకుని, జూదవ్యసనానికి వాడే లక్షణాల జాబితాని ఇంటర్నెట్‌కి సరిపోయేలా మార్చి 1998కల్లా 20 ప్రశ్నల పరీక్ష తయారుచేశారు. కొరియా వాళ్ళ ఫోను కొలత కూడా అంతకుముందు వాళ్ళ దేశంలో ఉన్న ఇంటర్నెట్ వ్యసన కొలత మీద కట్టినదే. జూదం అన్నచోట ఇంటర్నెట్, ఇంటర్నెట్ అన్నచోట స్మార్ట్‌ఫోన్. పాత సర్క్యులర్లో తేదీ మార్చి కొత్తగా జారీచేసినట్టు.

ఇలా పదం మార్చుకుంటూ పోతే ఎక్కడ తేలుతుందో ఇంగ్లండులో కొందరు చేసి చూపించారు. లియామ్ సాచెల్ తదితరులు, సోషల్ మీడియా వ్యసనానికి వాడే ప్రశ్నల్లాంటివే తీసుకుని, సోషల్ మీడియా బదులు "ఎదురుగా కలిసే స్నేహితులు" అని పెట్టారు. స్నేహితులతో ఎప్పుడు గడుపుతానా అని ఆలోచిస్తుంటారా, కలవడం కుదరకపోతే చిరాకుగా ఉంటుందా, ఇలాగన్నమాట. 807 మంది జవాబులిస్తే నూటికి 69 మంది "స్నేహితుల వ్యసనపరులు"గా తేలారు! 2020లో అచ్చయిన పరిశోధన ఇది. ఆ 69 మందికి ఏ ఆసుపత్రిలో చికిత్స చేయిస్తారో మరి.

హేతువాద మిత్రులకి ఫోరర్ ప్రయోగం గురించి చెప్పక్కర్లేదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులందరికీ ఒకే వ్యక్తిత్వ వర్ణన పంచిపెట్టి, ఇది ప్రత్యేకంగా నీ గురించే అని చెబితే, వాళ్ళు దాని కచ్చితత్వానికి అయిదుకి సగటున 4.26 మార్కులు వేశారు. అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవి. "అనుకున్నదానికంటే ఎక్కువసేపు వాడుతుంటాను" అన్న వాక్యం ఆ జాతి కాదూ? అనుకున్నదానికంటే ఎక్కువసేపు మాట్లాడని హేతువాద వక్తని నేనింతవరకూ చూడలేదు.

ఇక ఈ కొలతలు నిజమైన వాడకాన్ని ఎంతవరకు పట్టుకుంటాయన్నది. డిపోల్లో మేం తనిఖీకి వెళ్ళినప్పుడు రెండు నిల్వలు చూసేవాళ్ళం. లెడ్జరు చెప్పే నిల్వ ఒకటి, నేలమీద సరుకు లెక్కపెడితే తేలే నిల్వ ఇంకోటి. రెండోదాన్ని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. స్టోర్‌కీపరు ఎంత నిజాయితీపరుడైనా, "ఎన్ని దుప్పట్లున్నాయి?" అని ఆయన్ని అడిగి ఆయన చెప్పింది రాసుకుని రావడం తనిఖీ కాదు. ఫోను వ్యసనం పరిశోధనల్లో చాలాకాలం జరిగింది ఇదే, స్టోర్‌కీపర్ని అడగడం. ఆ వస్తువేమో ప్రతి నిమిషాన్నీ తనలో తాను రాసుకుంటూనే ఉంది!

నేలమీది సరుకు లెక్కపెట్టినవాళ్ళు లేకపోలేదు. 2015లో శాలీ ఆండ్రూస్, డేవిడ్ ఎల్లిస్ తదితరులు 23 మంది ఫోన్లలో చిన్న ప్రోగ్రామ్ పెట్టి రెండు వారాలు నమోదు చేశారు. రోజుకి ఎన్నిసార్లు ఫోను తీస్తారో వాళ్ళు చెప్పిన అంకె ఒకటి, జరిగింది దానికి రెట్టింపు పైన. 23 మంది చాలా తక్కువ, నిజమే. 2018లో యాపిల్ ఫోన్లలో స్క్రీన్ టైమ్ వచ్చింది, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ వచ్చింది. దాంతో ఈ పని తేలికైంది. 2019లో ఎల్లిస్ బృందమే పేరున్న పది కొలతపత్రాలని యాపిల్ ఫోను నమోదుతో పోల్చి చూసి, వాటి మధ్య పొంతన నాసిరకంగా ఉందని తేల్చింది. 2021లో డగ్లస్ ప్యారీ తదితరులు ఇలాంటి పరిశోధనలన్నీ పోగేసి లెక్కగట్టారు. మనుషులు చెప్పిన వాడకానికీ యంత్రం నమోదుచేసిన వాడకానికీ సహసంబంధం 0.38. "సమస్యాత్మక వాడకం" కొలతపత్రాలకైతే 0.25. బీకాంలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళకి గుర్తుంటుంది, దీన్ని వర్గం చేయాలి. 0.0625 వస్తుంది. అంటే పత్రంలో మార్కుల హెచ్చుతగ్గుల్లో వాడకంలోని హెచ్చుతగ్గులతో కలిసేది నూటికి ఆరు పాళ్ళు.

మరి మిగతా 94 పాళ్ళు? నా అనుమానం, అందులో చాలా భాగం దిగులు. 2020లో హెదర్ షా తదితరుల పరిశోధనలో ఆందోళన, కుంగుబాటు లాంటివాటితో ఈ పత్రాల మార్కులు బాగా కలిశాయి. ఫోను నమోదుచేసిన అసలు సమయం మాత్రం వాటితో అంతగా కలవలేదు. తన గురించి తాను చెడ్డగా అనుకునే మనిషి ఫోను గురించి అడిగినా చెడ్డగానే చెబుతాడు. "ఫోను వల్ల కుంగుబాటు" అని రాసేవాళ్ళు, దిగులుని రెండు కాగితాల మీద రెండుసార్లు కొలిచి, రెండూ కలిశాయని సంబరపడుతున్నారేమో అని కూడా ఆలోచించాలి.

అలాగని యంత్రం లెక్క చూస్తే చాలనుకుంటే అదీ పొరపాటే. నా ఫోనులో ఒక వారం చూశాను, రోజుకి సుమారు నాలుగు గంటలు. అందులో గంటకి పైగా యూట్యూబులో పాత పాటలు, తెర వెలుగుతూనే ఉంటుంది, నేను మొక్కలకి నీళ్ళు పోస్తుంటాను. ముప్పావుగంట ఈ-పేపర్లు. అబ్బాయితో వీడియో కాల్. బ్యాంకు, కరెంటు బిల్లు. స్పర్శ్‌లో పెన్షను స్లిప్పు. నవంబరులో అయితే లైఫ్ సర్టిఫికెట్టుకి ఫోను ముందు ముఖం పెట్టి కళ్ళార్పడం కూడా. బతికున్నానని రుజువు చేసుకునే పని కూడా ఫోనులో పెట్టి, ఫోను వాడకం పెరిగిందని ఆశ్చర్యపోతే ఎలా? ఇక మన ఇళ్ళలో ఒకే ఫోను తల్లీ ఇద్దరు పిల్లలూ వాడటం మామూలు. ఆ ఆరు గంటలు ఎవరి ఖాతాలో వేస్తారు? నమోదు యంత్రానిది, మనిషిది కాదు.

సమయం ఎంత అన్నదానికే అంత బరువు లేదని చెప్పే లెక్క ఇంకోటుంది. 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ పెద్ద సర్వేల సమాచారం తీసుకుని చూస్తే, కౌమార పిల్లల క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకం వివరించగలిగింది మహా అయితే 0.4 శాతం. బంగాళాదుంపలు తినడానికున్న సంబంధం కూడా ఇంచుమించు అంతే ఉందని వాళ్ళే చూపించారు. అవి కూడా చాలావరకు పిల్లలు చెప్పిన జవాబులే కాబట్టి దీన్ని కూడా వేదవాక్యంగా నేను తీసుకోను.

ఇంతా చదివి, ఫోనుతో ఎవరికీ ఏ నష్టమూ లేదంటున్నాడు ఈయన అనుకోకండి. మా కాలనీలో ఒకాయన ఆన్‌లైన్ రమ్మీలో రెండేళ్ళలో ఇల్లు అమ్ముకునేదాకా వచ్చాడు. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధాలు వచ్చినా ఆయన దోవ ఆయన వెతుక్కున్నాడు. దేశమంతటికీ డబ్బాటల నిషేధ చట్టం 2025లో వచ్చేసరికి అమ్ముకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆయన ఫోను వాడింది ఎంతసేపు? అందరూ పడుకున్నాక అరగంట, ముప్పావుగంట. స్క్రీన్ టైమ్‌లో నాకంటే ఆయనే బుద్ధిమంతుడు! పది ప్రశ్నల పత్రం ఇచ్చినా దొరికేవాడు కాదు, ఎందుకంటే అందులో డబ్బు గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. మెడనొప్పి గురించి ఉంది. బండి నడుపుతూ రెండు నిమిషాలు మాట్లాడేవాడూ ఏ కొలతలోకీ రాడు.

వైద్యులు కూడా అంత తొందరపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి 1న అమల్లోకొచ్చింది. అందులో గేమింగ్ రుగ్మత ఉంది గాని స్మార్ట్‌ఫోన్ వ్యసనం అనేది లేదు. గేమింగుకైనా ఎన్ని గంటలు ఆడాడు అన్నది కొలబద్ద కాదు. ఆట మీద అదుపు పోయిందా, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోయాయా, నష్టం జరుగుతున్నా ఆపలేకపోతున్నాడా, చదువు, ఉద్యోగం, ఇల్లు గట్టిగా దెబ్బతిన్నాయా, ఇది మామూలుగా ఏడాదిపాటైనా సాగిందా అని చూస్తారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికోసం షట్ అనే ప్రత్యేక క్లినిక్ ఉంది. నిజంగా అదుపు తప్పినవాళ్ళకి అలాంటి చోటు కావలసిందే. క్లాసులో సగం మందిని రోగుల జాబితాలో చేరిస్తే, వెళ్ళవలసిన ఆ ఒక్కడు సగంలో కలిసిపోతాడు.

ఈ సంగతి మా ఊరి సంఘంలో కూడా చర్చకొచ్చింది. కాలేజీల్లో ఫోన్ వ్యసనం మీద ప్రచారం చేద్దాం, ముందు ఈ పది ప్రశ్నలతో సర్వే చేద్దాం అని ఒక మిత్రుడు ప్రతిపాదించారు. జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, బాణామతి మీద ఊళ్ళలో మాతోపాటు తిరిగినవారు. నేను కాదన్నాను. "కొలత కాస్త అటూ ఇటూ అయితే ఏమైంది శర్మగారూ, పిల్లలకి జాగ్రత్త చెప్పినట్టేగా, నష్టమేముంది?" అన్నారు. ఈ మాట నేనెక్కడో విన్నాను. గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టేవాళ్ళు అనే మాటే! ఆయనకి కోపం వచ్చింది, రావడం సహజం. కానీ నష్టం ఉంది. ఆరు వారాల ఫీజు నష్టం, పదిహేడేళ్ళవాడికి తాను రోగినని నమ్మకం కలగడం నష్టం. రమ్మీవాడు హాయిగా పాసైపోవడం అన్నిటికంటే నష్టం. పైగా పిల్లలు చెడిపోతున్నారన్న ఫలితం మన వయసువాళ్ళకి వినసొంపుగా ఉంటుంది. నచ్చిన ఫలితం వచ్చినప్పుడు రుజువు తక్కువ అడిగితే జాతకాల వాళ్ళని మనం ఏ మొహంతో అడుగుతాం?

గంటన్నర వాదించుకున్నాక ఆ పత్రం వద్దనుకున్నాం. వ్యసనం అన్న మాట వాడకుండా మా అవగాహన కార్యక్రమాలకి సరిపడా ఒక పేజీ మేమే రాసుకుందాం, మార్కులూ గీతలూ లేకుండా, అన్నారు కార్యదర్శిగారు. మొదటి ప్రశ్న "ఈ ఫోను ఎవరిది, ఇంట్లో ఇంకా ఎవరెవరు వాడతారు?" అని నేను చెప్పాను, రాసుకున్నారు. రెండోది నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నారని. మూడోది ఫోను ద్వారా పోయిన డబ్బు గురించి. అది పిల్లలని అడగాలా, తల్లిదండ్రులనే అడగాలా అన్నది వచ్చే నెలకి వాయిదా పడింది.